మందులకు లొంగని జ్వరం

పిత్తనాళంలో ఇరుక్కున్న రాయిని ఎండోస్కోపీతో తీసి, స్టెంట్ వేసి, త్వరలోనే ఇంటికి పంపిస్తామని చెప్పి నన్ను హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చుకున్నారు. రాయి సాఫీగానే వచ్చేసింది, కామెర్లు తగ్గుముఖం పట్టాయి. ఆ తరువాత వచ్చిన జ్వరం గురించే ఇప్పుడు రాస్తున్నాను.

ఒక రాత్రి భోజనాల వేళ దాటాక చలి మొదలైంది. ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగకుండా, మంచం కమ్ములు మోగేంతగా వణికిపోయాను. డ్యూటీ డాక్టరు రక్తపోటు చూసి, మళ్లీ చూసి, ఏమీ మాట్లాడకుండా ఫోన్ అందుకున్నారు. వెంటనే ఐసీయూకి మార్చి, మావారిని తలుపు దగ్గరే ఆపేశారు. మగతలో ఉన్న నాకు ఆ రాత్రి స్పష్టంగా కనిపించింది ఒక్కటే: ఒక సహాయకుడు పక్క మంచం రోగి మూత్రపు సంచి ఖాళీ చేసి, అవే గ్లవుజులతో వచ్చి నా సంచి గొట్టం పట్టుకున్నాడు. వద్దని చెప్పడానికి నోరు పెగల్లేదు. జ్వరం అప్పటికే వచ్చేసింది కనుక దానికి ఆ గ్లవుజులే కారణమని నేననను. కానీ ఐసీయూలోనే అలా జరుగుతుంటే, అంతకుముందు నేనున్న వార్డులో ఎలా జరిగి ఉంటుందన్న ఆలోచన నన్ను ఈనాటికీ వదలలేదు.

రక్తంలోని క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్ష‌లో క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బాక్టీరియా పెరిగింది. మా అమ్మాయి చూపించిన రిపోర్టులో సెఫ్ట్రియాక్సోన్, పిపరాసిలిన్-టాజోబాక్టమ్, అమికాసిన్, చివరికి మెరోపెనెమ్ ఎదుట కూడా వరుసగా 'ఆర్' అనే అక్షరమే ఉంది. అంటే ఆ మందులేవీ ఆ క్రిమి మీద పనిచేయవు. కొలిస్టిన్ ఎదుట మాత్రం 'ఐ' అని ఉంది, అంటే పనిచేస్తుందో లేదో కచ్చితంగా చెప్పలేమని.

మర్నాడు రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టరును ఇది ఎక్కడి నుంచి వచ్చిందని మావారు అడిగితే, ఆయన ఫైలులోంచి తల ఎత్తకుండానే, "మీ ఆవిడ పేగుల్లో ఉన్న క్రిమేనండీ, మేమేమీ ఎక్కడి నుంచో తెచ్చి పెట్టలేదు" అన్నారు. జ్వరం కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కుంగదీసింది.

ఆయన చెప్పింది సగం నిజం. క్లెబ్సియెల్లా, ఈ. కోలై వంటివి మన పేగుల్లో ఏ హానీ చేయకుండా బతుకుతాయి; పిత్తనాళం మూసుకున్నప్పుడో, గొట్టాలు వేసినప్పుడో అక్కడి నుంచి రక్తంలోకి చేరుతాయి. అయితే వాటికి మెరోపెనెమ్‌ను ఓడించే శక్తి ఎక్కడిది? ఆ మందును విరగ్గొట్టే ఎంజైమును తయారుచేయించే ఎన్‌డీఎం వంటి జన్యువులు ప్లాస్మిడ్లనే డీఎన్ఏ వలయాల మీద ఒక బాక్టీరియా నుంచి ఇంకొక దానికి చేరుతాయి. ఆసుపత్రిలో ఒక రోగి మలమూత్రాల నుంచి చేతుల ద్వారా, మంచం కమ్ముల ద్వారా ఆ బాక్టీరియా ఇంకొక రోగి పేగుల్లోకి చేరుతాయి. అప్పటికే యాంటీబయాటిక్స్ మంచి క్రిములను తుడిచిపెట్టి ఉంటాయి కనుక అక్కడ వాటికి చోటు సులువుగా దొరుకుతుంది. ఆసుపత్రి బయట కూడా పరిస్థితి మెరుగ్గా లేదు. పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. ఇన్ని చేతులు పడిన దానిని "మీ పేగుల్లోదే" అని రోగి మీదకు నెట్టడం అన్యాయం.

నాకు కొలిస్టిన్ మొదలుపెట్టారు. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు పక్కన పెట్టేసి, వేరే దారిలేక మళ్లీ వాడుతున్న పాత మందు. దానినే మన దేశంలో కోళ్ల దాణాలో కూడా కలిపేవారు. 2019లో గానీ ప్రభుత్వం నిషేధించలేదు. ఆ మందు ఎక్కుతుంటే నా పెదవుల చుట్టూ తిమ్మిరి పట్టేది, మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ పెరుగుతూ పోయింది. అప్పుడు అంటువ్యాధుల నిపుణురాలు ఒకావిడ వచ్చి, కొలిస్టిన్ ఆపించి, సెఫ్టజిడైమ్-అవిబాక్టమ్‌ను అజ్‌ట్రియోనామ్‌తో కలిపి ఇప్పించారు. నా పక్కన కూర్చుని, కాగితం మీద బొమ్మ వేసి మరీ, ఏ మందు ఏం చేస్తుందో వివరించారు. ఆమె రుణం నేను తీర్చుకోలేను. నన్ను ముట్టుకునే ముందూ తరువాతా, ఎంత హడావుడిలో ఉన్నా, చేతులు శుభ్రం చేసుకున్న రాత్రి డ్యూటీ సిస్టరు రుణం కూడా. జ్వరం దిగిన రోజున మా ఆడపడుచు యాదగిరిగుట్టకు ముడుపు కట్టింది. స్వామి దయ ఆ ఇద్దరి రూపంలోనే నన్ను చేరిందని నా నమ్మకం.

ఎవరినైనా ఆసుపత్రిలో చేర్చినప్పుడు, యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు కల్చర్ పంపారా అని తప్పక అడగండి. వచ్చినవారు చేతులు కడుక్కున్నారా అని అడగడానికి మొహమాటపడకండి. 2014 నుంచి అమలులో ఉన్న, మందుల అమ్మకాల నియమాల్లోని హెచ్1 షెడ్యూలు ప్రకారం అందులోని యాంటీబయాటిక్స్‌ను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. రోగి పేరూ డాక్టరు పేరూ రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. మందుల షాపులో ఆ రిజిస్టరు మాట ఎత్తి చూడండి.

ఇటీవల పిత్తాశయం తీసే ఆపరేషనుకు వేరే ఆసుపత్రికి వెళ్లినప్పుడు నా పాత రిపోర్టును ముందే సర్జను చేతికిచ్చాను. ఆయన మలద్వారం దగ్గర స్వాబ్ తీయించారు. ఆ క్రిమి ఇంకా నా పేగుల్లోనే ఉందని తేలింది. నెలల తరబడి అలా ఉండవచ్చనీ, జబ్బు చేయనంతకాలం దానికి మందు వాడకూడదనీ చెప్పి, నన్ను విడిగా గదిలో ఉంచి, తగిన మందు ఎంచుకుని ఆపరేషను చేశారు. జ్వరం రాలేదు. మొదటి ఆసుపత్రికి మాత్రం ఉత్తరం రాశాను: నేనున్న రోజుల్లో ఆ వార్డులో ఇదే క్రిమి ఇంకెందరిలో కనిపించిందో, వారికి ఆ సంగతి చెప్పారో లేదో తెలియజేయమని.