లోపలి నుంచి బయటికి: బ్రిక్కులతో అంతరిక్ష నౌక

బ్రిక్కులతో అంతరిక్ష నౌక కట్టేవాళ్లు ఎక్కువమంది రెక్కలతో మొదలుపెడతారు. ముక్కు, రెక్కలు, ఇంజన్లు ముచ్చటగా కుదిరాక పైమూత తీసి చూస్తే పైలట్ కూర్చోవడానికే చోటుండదు. మంచాలు, వంటగది, సరుకుల గది ఉన్న నౌక కావాలంటే పని తిరగేసి చేయాలి. ముందు గదులు, తర్వాత వాటిని మోసే దూలం, అన్నిటికంటే చివర బయటి తొడుగు. 56 స్టడ్ల (స్టడ్ అంటే బ్రిక్కు పైనుండే గుండ్రటి బొడిపె, పొడవును వాటితోనే లెక్కిస్తాం) పొడవున్న ఒక నౌకను ఆ వరుసలోనే ఇక్కడ పెడుతున్నాను. కొలతలు లెగో బ్రిక్కులవి. వాటికి అతికే ఇతర కంపెనీల ముక్కలకూ ఇవే కొలతలు, నాణ్యతలో తేడా ఉంటే తప్ప.

కొలతలకంటే ముందు, నౌక చివరికి ఎక్కడ కూర్చుంటుందో చూసుకోవాలి. మన కడప, కర్నూలు, అనంతపురం ఇళ్లలో గోడ అలమరాకు అరలు కడప బండతోనే వేస్తారు. అర లోతు అడుగు ఉందనుకుంటే సుమారు 30 సెంటీమీటర్లు. ఒక స్టడ్ 8 మిల్లీమీటర్లు కాబట్టి రెక్క చివరి నుంచి రెక్క చివరికి 36 స్టడ్లు, అంటే 28.8 సెంటీమీటర్లు దాటనివ్వకండి. పొడవు 56 స్టడ్లంటే 44.8 సెంటీమీటర్లు, అర వెంబడి ఇబ్బంది లేకుండా పడుతుంది. రంగు కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. కడప బండ నలుపు. ముదురు బూడిద రంగు నౌకను దాని ముందు పెడితే అంచులు కనపడవు. తెలుపు లేదా లేత బూడిద తొడుగు వేసి, ఒక ముదురు రంగు గీత ఇస్తే దూరం నుంచి కూడా ఆకారం తెలుస్తుంది.

ఇక లెక్క. బ్రిక్ ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, ప్లేట్, అంటే పలచటి ముక్క, ఎత్తు 3.2. మూడు ప్లేట్లు ఒక బ్రిక్. అయిదు ప్లేట్లు 16 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా రెండు స్టడ్లు. ముక్కల్ని పక్కకు తిప్పి అతికించే పనంతా ఈ చివరి లెక్క మీదే నడుస్తుంది, దీన్ని కంఠతా పెట్టుకోండి. కంప్యూటర్లో గీసేవాళ్లకు ఇంకా సులువు: ఎల్‌డ్రా అనే బ్రిక్కుల డ్రాయింగ్ పద్ధతిలో స్టడ్ 20 యూనిట్లు, బ్రిక్ 24, ప్లేట్ 8. దశాంశాల బాధ లేదు.

గది కొలతకు ఆధారం మనిషి బొమ్మ. 1978లో వచ్చిన ఈ మినీఫిగర్ నిలబడితే సుమారు 40 మిల్లీమీటర్లు, నాలుగు బ్రిక్కులకు కాస్త ఎక్కువ. నడుము రెండు స్టడ్లే గానీ చేతులు దానికి బయటికి వస్తాయి. అందుకే నాలుగు స్టడ్ల వెడల్పులో ఇద్దర్ని పక్కపక్కన కూర్చోబెడితే భుజాలు ఒరుసుకుని ఒకరు పైకి లేస్తారు. లెగో వాళ్ల స్పీడ్ ఛాంపియన్స్ కార్లు 2020లో ఆరు స్టడ్ల వెడల్పు నుంచి ఎనిమిదికి మారాకే ఇద్దరు పక్కపక్కన పట్టారు. మన నౌకకు లోపలి వెడల్పు 6 స్టడ్లు, గోడలు చెరో స్టడ్, మొత్తం 8. లోపలి ఎత్తు 5 బ్రిక్కులు, అంటే 48 మిల్లీమీటర్లు. నేల మీద టైల్, అంటే స్టడ్లు లేని నున్నటి ప్లేట్, వేస్తే 44.8 మిగులుతుంది, అది చాలు. ఈ 5 బ్రిక్కుల ఎత్తుకు ఇంకో గొప్ప లాభం ఉంది, తొడుగు దగ్గర చెప్తాను.

పొడవును ఇలా పంచుకోండి: ముక్కు, కాక్‌పిట్ కలిపి 12 స్టడ్లు, నివాస గది 14, ఎయిర్‌లాక్ (బయటికి వెళ్లే ముందు గాలి నిలిపే రెండు తలుపుల గది) 6, సరుకుల గది 12, ఇంజన్ గది 12. కాక్‌పిట్ అద్దం ముక్కను మాత్రం మొదటే చేతిలో పెట్టుకోండి. మిగతా ఆకారాలన్నీ చిన్న ముక్కలతో కూర్చుకోవచ్చు, అద్దాన్ని కూర్చలేం. ముక్కు ఆకారం దాన్ని బట్టే నడవాలి.

మట్టి మిద్దెకు దూలం ఎలాగో దీనికి టెక్నిక్ బ్రిక్కులు అలాగ. పక్కలకు రంధ్రాలున్న బ్రిక్కులివి. ఎడమ ఒకటి, కుడి ఒకటి, రెండు దూలాలు. ఒక్కో దూలంలో కింద ఒక వరుస టెక్నిక్ బ్రిక్కులు, మధ్యలో రెండు ప్లేట్ల మందం, పైన మళ్లీ ఒక వరుస టెక్నిక్ బ్రిక్కులు. మధ్యలో రెండు ప్లేట్లు ఎందుకంటే, అప్పుడు కింది రంధ్రం నుంచి పై రంధ్రానికి దూరం 9.6 ప్లస్ 6.4, సరిగ్గా 16 మిల్లీమీటర్లు. మూడు రంధ్రాలతో కడ్డీలా ఉండే లిఫ్ట్‌ఆర్మ్‌ను నిలువుగా పెట్టి పిన్నులు కొడితే రెండు వరుసలూ విడిపోకుండా బిగుసుకుంటాయి. ఒక్క ప్లేటో మూడు ప్లేట్లో పెడితే రంధ్రాలు కలవవు.

పై వరుసను 16, 16, 16, 8 స్టడ్ల బ్రిక్కులతో, కింది వరుసను 8, 16, 16, 16 తో పేర్చండి. పైన అతుకులు 16, 32, 48 దగ్గర వస్తాయి, కింద 8, 24, 40 దగ్గర. ఒకదాని మీద ఒకటి పడవు. మధ్య ప్లేట్ల అతుకులు కూడా వీటికి దూరంగా ఉండాలి. రెండు దూలాలకూ కలిపి 16 స్టడ్లవి పన్నెండు, 8 స్టడ్లవి నాలుగు కావాలి. లిఫ్ట్‌ఆర్మ్‌లు ఒక్కో దూలానికి ఏడు, 4, 12, 20, 28, 36, 44, 52 స్థానాల్లో. వీటిని 8, 16, 24 అని గుండ్రంగా పెట్టబోతే పప్పులో కాలేసినట్టే: అవన్నీ అతుకులు పడే చోట్లు, అతుకు దగ్గర రంధ్రం ఉండదు. పిన్నులు 28, నల్లటి బిగుతు రకం. బూడిద రంగు వదులు పిన్నులు తిరగడానికి చేసినవి, దూలానికి పనికిరావు. లిఫ్ట్‌ఆర్మ్‌లను దూలం లోపలి వైపే పెట్టండి. బయటి రంధ్రాలు రెక్కలకు కావాలి.

నేలకు 8×16 ప్లేట్లు మూడు, 8×8 ఒకటి. ఇక్కడే చాలా నౌకలు వంగుతాయి. నేల ప్లేట్లను కూడా 16 తో మొదలుపెడితే వాటి అతుకులు దూలం పై వరుస అతుకుల మీదే పడతాయి. నౌకను మధ్యలో పట్టుకుని ఎత్తగానే ముక్కు కిందికి జారుతుంది, ఒకట్రెండు నెలలు అరలో ఉంటే అక్కడే సందు కనపడుతుంది. 8×8 ప్లేటును ముక్కు వైపు పెట్టి మొదలుపెడితే అతుకులు 8, 24, 40 కి జరుగుతాయి. ముక్క కూడా అదనంగా అక్కర్లేదు, వరుస మార్చడమే.

గదుల్లోకి వద్దాం, ఈ పనిలో అసలు ఆనందం అక్కడే. నివాస గదిలో అడ్డగోడ ఒక స్టడ్ పోగా 13 మిగులుతాయి. పడుకున్న బొమ్మ పొడవు అయిదు స్టడ్లు, జుట్టు ముక్కతో కలిపి ఆరు వేసుకోండి. వెడల్పు మూడు, చేతులకు చోటు కావాలి కాబట్టి. ముందు భాగంలో ఎడమ గోడకు రెండంతస్తుల పడక పెట్టండి. ఒక ప్లేట్ పరుపు, దాని పైన రెండు బ్రిక్కుల ఖాళీ, మళ్లీ ఒక ప్లేట్ పరుపు, రెండు బ్రిక్కుల ఖాళీ. మొత్తం 14 ప్లేట్లు, మన గది 15. పరుపు ప్లేట్ నేల స్టడ్లను పట్టుకోవాలి కాబట్టి పడక ఉన్న చోట నేల టైల్ వేయకూడదు. పరుపు మీద కూడా అంతా టైల్ వేయకండి. బొమ్మ కాళ్ల వెనక రంధ్రాలుంటాయి, అక్కడ రెండు స్టడ్లు వదిలితే నౌకను వంచినా బొమ్మ పడదు.

వంటగది పడకకు ఎదురుగా కాదు, వెనక భాగంలో కుడి గోడకు. ఎదురెదురుగా పెడితే పడకకు మూడు, గట్టుకు రెండు పోయి నడవడానికి ఒక్క స్టడ్ మిగులుతుంది. గట్టుకు నల్లటి 2×6 టైల్ వేస్తే అచ్చం కడప బండే. మీద కుళాయి ముక్క, పొయ్యికి 1×1 గుండ్రటి పారదర్శక ఎర్ర ప్లేట్ ఒకటి. 2×2 గుండ్రటి టైల్ పళ్లెం, అందులో ముదురు గోధుమ రంగు 1×1 అర్ధగోళం పెడితే సంగటి ముద్ద, పక్కన ఆకుపచ్చ 1×1 గుండ్రటి ప్లేట్ గోంగూర. మన ఊళ్లోవాళ్లు ఎవరు చూసినా అది ఏమిటో అడగరు. లోపలి గోడలు మాత్రం తెలుపు, లేత గోధుమ రంగుల్లోనే ఉండాలి. ముదురు గోడల మధ్య ఎంత పనితనం పెట్టినా పైనుంచి చూస్తే చీకటి గుంటలా ఉంటుంది.

అడ్డగోడల్లో తలుపు దారి నాలుగు స్టడ్ల వెడల్పు, పూర్తి ఎత్తు. మూడు సరిపోతుందనిపిస్తుంది గానీ బొమ్మను పట్టుకున్న మీ వేళ్లు కూడా అందులో దూరాలి.

గోడ కట్టే తీరు జాగ్రత్తగా చూడండి. కింద రెండు ప్లేట్లు, దాని మీద పక్కకు స్టడ్లున్న 1×4 బ్రిక్, మళ్లీ రెండు ప్లేట్లు, మళ్లీ అదే బ్రిక్, మళ్లీ రెండు ప్లేట్లు, అదే బ్రిక్. రెండు, మూడు చొప్పున మూడుసార్లు, మొత్తం 15 ప్లేట్లు, అంటే మన 5 బ్రిక్కులే. ఇందాక చెప్తానన్న లాభం ఇదే: 48 మిల్లీమీటర్లంటే పక్కకు తిప్పిన ఆరు స్టడ్లు. 6 స్టడ్ల వెడల్పున్న ప్లేటును నిలువుగా తెచ్చి అతికిస్తే కింద నేలతో, పైన గోడ అంచుతో సమంగా కూర్చుంటుంది. పక్క స్టడ్లు దాని రెండో, నాలుగో, ఆరో వరుసల్లోకి దిగుతాయి. వరుస తలకిందులు చేసి బ్రిక్‌ను అడుగున పెడితే మాత్రం కుదరదు. పక్క స్టడ్ బ్రిక్ మధ్యలో ఉండదు, పై అంచుకు దగ్గరగా ఉంటుంది, అందుకని తొడుగు 1.6 మిల్లీమీటర్లు, అంటే అర ప్లేటు పైకి జరిగిపోతుంది. ప్రతి వరుసలో ఎనిమిది స్టడ్లకు ఒక పక్క స్టడ్ల బ్రిక్ ఉంటే చాలు, మిగతావి మామూలు 1×4, 1×6 బ్రిక్కులు.

తొడుగు అంటే ఒక ప్లేట్, దాని మీద టైల్, 6.4 మిల్లీమీటర్ల మందం. మొత్తం టైల్ వేసి నున్నగా చేయకండి. మూడు వంతులు నునుపు, ఒక వంతు గ్రిల్ టైళ్లు, పైపులు, చిన్న మూతలు ఉంటే కంటికి పెద్ద నౌకలా అనిపిస్తుంది. రెక్కలు ఒక్కోదానికి కనీసం నాలుగు పిన్నులు, నేరుగా దూలం రంధ్రాల్లోకి. తొడుగుకు అతికించిన రెక్క తొడుగుతో పాటే ఊడి వస్తుంది.

పైకప్పును గదికొక ముక్కగా విడగొట్టండి. కప్పు రెండు ప్లేట్ల మందం, కింది పొర నిలువుగా, పై పొర అడ్డంగా. గోడ పై అంచుకు అంతా టైల్ వేసి, నాలుగు మూలల్లో మాత్రం ఒక్కో జంపర్ ప్లేట్ పెట్టండి. జంపర్‌కు మధ్యలో ఒకే స్టడ్ ఉంటుంది. ఆ నాలుగు స్టడ్లే కప్పును పట్టుకుంటాయి, వేలితో ఎత్తగానే వస్తుంది. గోడంతా స్టడ్లు వదిలేస్తే కప్పు తీసేటప్పుడు గోడే లేచి వస్తుంది. కప్పు మీద పట్టుకోవడానికి యాంటెనా లాంటిది కాకుండా గట్టి పిడి ముక్క పెట్టాలి, యాంటెనా విరుగుతుంది.

లైట్లు పెట్టేవాళ్లు గోడ కట్టేటప్పుడే తీగ పరచాలి. రెండు స్టడ్ల మధ్య సందు 3.2 మిల్లీమీటర్లు, సన్నటి ఎల్‌ఈడీ తీగ అందులోంచి పోతుంది. స్టడ్ తల మీదుగా తీగ వేసి పైన బ్రిక్ నొక్కితే తీగ తెగుతుంది, లేదా ఆ వరుస సరిగా కూర్చోక తొడుగు ఉబ్బుతుంది. బ్యాటరీ పెట్టె దూలాల మధ్య, నేల కింద.

ముక్కలు కొనడం గురించి. స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో ముందు మొత్తం కట్టి ముక్కల జాబితా తీసుకోండి. అయితే ఏ ముక్కకైనా ఏ రంగైనా తెరమీద వేయొచ్చు, ఆ రంగులో ఆ ముక్క అసలు తయారైందా లేదా అని విడిగా చూసుకోవాలి. బరువుకు వంగడం కూడా తెరమీద తెలీదు, కాబట్టి దూలం ఒక్కటి ముందు చేత్తో కట్టి రెండు చివర్లా పట్టుకుని చూడండి. ఎన్ని ముక్కలవుతాయో అంచనాకు: 1979 నాటి లెగో అంతరిక్ష నౌక గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్ 338 ముక్కలు, 2022లో పెద్దది చేసి తెచ్చినది 1254. లోపల ఇంత సామాను పెట్టే నౌకకు ఆ రెండోదానికంటే ఎక్కువే పడతాయి. విదేశాల నుంచి విడి ముక్కలు తెప్పించే ముందు సుంకం లెక్క వేసుకోండి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 కి పెంచారు.

బజారులో దొరికే ఇతర బ్రిక్కులు వాడదలిస్తే ఒక పరీక్ష ఉంది. పది బ్రిక్కులు ఒకదాని మీద ఒకటి బిగించి స్కేలు పెట్టండి, పై స్టడ్ కాకుండా 96 మిల్లీమీటర్లు రావాలి. అర మిల్లీమీటరు తేడా వచ్చినా పక్కకు తిప్పే గోడల్లో అవి వద్దు. సరుకుల గదిలో పెట్టెలకు వాడుకోండి. దూలానికి, గోడకు మాత్రం ఒకే కంపెనీవి ఉండాలి.

నౌక నిలబడ్డాక మన ఎండ గురించి జాగ్రత్త. ఏప్రిల్, మేలో పడమటి కిటికీ పక్కన పెడితే తెల్ల ముక్కలు, లేత బూడిద ముక్కలు పసుపు తిరుగుతాయి, అది ఎండలోని అతినీలలోహిత కిరణాల పని. ఎండలో నిలిపిన కారు డిక్కీలో అసలే వదలకండి. దుమ్ముకు మెత్తటి పెయింటు కుంచె చాలు, కప్పులు తీసి ఒక్కో గది విడిగా దులపాలి. కడగాల్సి వస్తే 40 డిగ్రీలు దాటని నీళ్లు, సబ్బు చుక్క, నీడలో ఆరబెట్టడం. స్టిక్కర్లున్నవి, తీగలున్నవి నీళ్లలో వేయకూడదు. అద్దం ముక్కను విడిగా, మెత్తటి గుడ్డతోనే తుడవండి. కుంచెలో ఇరుక్కున్న మన్ను రేణువు దాని మీద గీత పెడితే పోదు.