పంటి డాక్టరమ్మ నా మందుల చీటీ అడిగింది

పొద్దున లేచేసరికి కణతలు పట్టేసి ఉండేవి. కళ్లద్దాల పవర్ మారిందేమోనని పరీక్ష చేయించుకున్నాను, మారలేదు. ఒకరు పార్శ్వపు నొప్పి అన్నారు, ఇంకొకరు గ్యాస్ అన్నారు. అసలు సంగతి పట్టుకున్నది మా ఆయన. "రాత్రిపూట పండ్లు నూరుతున్నవ్. పక్క అర్రల పిల్లకు గూడ ఇనబడుతుంది" అన్నారు. నాకు మాత్రం ఏమీ తెలియదు.

నేను పరకాల దగ్గర హైస్కూల్లో లెక్కల టీచర్ని. హన్మకొండ నుంచి రోజూ బస్సులో పోయి వస్తాను. పదో తరగతి ప్రీఫైనల్స్ జరుగుతుండగా ఒక మధ్యాహ్నం అన్నంలో ఏదో తగిలితే రాయి అనుకుని తీశాను. చూస్తే పన్ను ముక్క.

మొదట వెళ్లిన చోట పళ్ల వరస సరిగా లేదని, కొన్ని పళ్లు అరగదీసి సరిచేస్తే తగ్గుతుందని చెప్పారు. మనసొప్పక వచ్చేశాను. తర్వాత చూపించుకున్న డాక్టరమ్మ, పళ్ల వరసే దీనికి కారణమన్న మాటను ఇప్పుడు నిపుణులు ఒప్పుకోవడం లేదని చెప్పింది. రెండు చెంపల మీద వేళ్లు పెట్టి గట్టిగా కరవమంది. కండరాలు గట్టిపడి ఉన్నాయి. అద్దంలో చూపించింది: బుగ్గ లోపల తెల్లటి గీత, నాలుక అంచున పళ్ల అచ్చులు, కొస అరిగి చదునైన కోరపళ్లు.

తర్వాత స్టూలు దగ్గరికి జరుపుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది. గురక వస్తుందా, ఊపిరాడక ఉలిక్కిపడి లేస్తారా అని మా ఆయన్నే అడిగింది. అలా ఉంటే ముందు స్లీప్ టెస్ట్ చేయించాలట. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్లకు పళ్లకు తొడుగు ఒక్కటే ఇచ్చి పంపితే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది. నాకు గురక లేదు. ఛాతీలో మంట లేదు, సిగరెట్, మద్యం సంగతి లేదు. టీ మాత్రం రాత్రి పేపర్లు దిద్దేటప్పుడు కూడా తాగుతాను. నిద్ర మధ్యలో మెదడు కొన్ని సెకన్లపాటు మెలకువ వైపు వస్తుందట. గుండె వేగం పెరుగుతుంది, ఆ వెంటనే దవడ కండరాలు బిగుస్తాయి. ఆందోళన, టీ కాఫీలు, పొగ, మద్యం, అన్నీ నిద్రను కదిలించేవే.

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అంటే అమ్మకు ఫోన్ చేశాను. "కడుపుల పురుగులుంటయి బిడ్డా, గోలీ ఏసుకో" అంది ముందు. పెద్దవాళ్లలో ఆ మాటకు సరైన ఆధారం లేదని డాక్టరమ్మ అంటే అమ్మకు చెప్పాను. కాసేపాగి, "మీ బాపు గూడ గట్లనే కొరుకుతుండె" అంది. ఇది కుటుంబాల్లో వస్తుందట.

చివరగా ఏం మందులు వాడుతున్నారని అడిగింది. బాపు పోయినంక నాకు నిద్ర పట్టేది కాదు, క్లాసులో నిలబడితే చేతులు వణికేవి. మానసిక వైద్యుడు సెర్ట్రాలిన్ రాశారు. నన్ను మళ్లీ నిలబెట్టిన మందు అది. పళ్లకూ దానికీ సంబంధం ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్ లాంటి ఎస్ఎస్ఆర్ఐ (కుంగుబాటుకు, ఆందోళనకు ఇచ్చే ఒక రకం) మందులు మొదలుపెట్టిన కొన్ని వారాల్లో కొందరికి పళ్లు కొరకడం మొదలవుతుంది, ఉన్నవాళ్లకు పెరుగుతుంది. "మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు" అని రెండుసార్లు చెప్పి, ఆ మానసిక వైద్యుడికి ఉత్తరం రాసిచ్చింది. ఆయన మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించారు. నిద్ర చెడలేదు.

తొడుగు కోసం నోట్లో గులాబీ రంగు ముద్ద పెట్టి అచ్చు తీశారు. గొంతులోకి జారుతున్నట్టై వాంతి వచ్చేలా ఉంటే, "తల ముందుకు వంచి ముక్కుతో ఊపిరి తీసుకోండి" అంది. తయారైన గట్టి ప్లాస్టిక్ తొడుగును తొడిగి, మధ్యలో నీలి కాగితం పెట్టి కరవమంది. మచ్చ ఎక్కువ పడ్డ చోట మరతో అరగదీసింది. అన్ని పళ్లకూ సమానంగా మచ్చలు పడేదాకా విడిచిపెట్టలేదు. వేడినీళ్లతో కడగొద్దు, వంకర పోతుంది. అది పళ్లను కాపాడుతుంది గానీ కొరకడాన్ని ఆపదు.

పెద్దవాళ్లలో సుమారు 8 శాతం మందికి ఈ అలవాటు ఉంటుంది, వయసు పైబడితే తగ్గుతుంది. వేరే ఆరోగ్య సమస్య లేనివాళ్లలో దీన్ని జబ్బుగా చూడక్కర్లేదని అంతర్జాతీయ నిపుణులు 2018లో చెప్పారు. ఆ మాట విన్నాక నాకు భయం చాలా తగ్గింది.

విరిగిన పంటికి క్యాప్ వేశారు. కణతల నొప్పి ఎప్పుడో ఒకసారి వస్తుంది. తొడుగు మీద కొత్త గీతలు పడుతూనే ఉన్నాయి, తక్కువగా. మన దగ్గర మానసిక వైద్యుడి దగ్గరికి పోతున్నామని ఎవరికీ చెప్పుకోం, పంటి డాక్టర్‌కైతే అసలే చెప్పం. దయచేసి ఆ చీటీ వెంట తీసుకుపోండి. మందు పేరు చూపిస్తే చాలు, ఎందుకు వాడుతున్నారో చెప్పాల్సిన పని కూడా లేదు.