చీకట్లో పనిచేసిన పొర

చదువుకునే రోజుల్లో హరితరేణువు బొమ్మ కళ్లు మూసుకుని గీసేదాన్ని. చుట్టూ రెండు పొరలు, లోపల నాణేల దొంతరల్లా గ్రానాలు. ఆ దొంతరలు ఎందుకో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మార్కులు బొమ్మకే కదా.

మొన్న మా అమ్మాయి అడిగింది: "వెలుతురు పట్టేది పత్రహరితమే అయితే, మళ్లీ ఆ పొరలెందుకమ్మా?"

తడుముకున్నాను. చివరికి ఇద్దరం పాలకూర నూరి, స్పిరిట్‌లో నానబెట్టి వడగట్టాం. లైట్లు ఆపి యూవీ టార్చి వేస్తే ఆ పచ్చటి ద్రవం ముదురు ఎరుపుగా వెలిగింది! పొరలోంచి ఊడొచ్చిన పత్రహరితం అది. పట్టిన శక్తిని అందుకునేవాళ్లు పక్కన లేరు. అందుకే కొంత ఎర్రటి వెలుగుగా, మిగతాది వేడిగా వదిలేస్తోంది. థైలకాయిడ్ (ఆ దొంతరలో ఒక్కో నాణెం) పొరలో ఉన్నప్పుడైతే ప్రొటీన్లు వరసగా నిలబడి అందుకుంటాయి.

అది సగం జవాబే. మిగతా సగం నాకు 1966లో ఆండ్రే జాగెన్‌డార్ఫ్, ఎర్నెస్ట్ ఉరీబే చేసిన ప్రయోగం చదివాక గానీ ఎక్కలేదు. వాళ్లు తీసుకున్నదీ పాలకూర హరితరేణువులే. పీహెచ్ 4 ఉన్న ఆమ్లంలో కాసేపు నానబెట్టి, ఒక్కసారిగా పీహెచ్ 8 ఉన్న క్షార ద్రావణంలోకి మార్చారు. అంతా చీకట్లోనే. అయినా ఏటీపీ, అంటే కణం పనులకు శక్తినిచ్చే అణువు, తయారైంది! వెలుతురు లేకుండా, లోపలికీ బయటికీ ప్రోటాన్లలో (ఆమ్లంలో ఎక్కువగా ఉండే హైడ్రోజన్ అయాన్లు) ఉన్న తేడాతోనే. పొరకు రెండు వైపులా ఉన్న ప్రోటాన్ల తేడాయే ఏటీపీని తయారుచేయిస్తుందని పీటర్ మిచెల్ అనే శాస్త్రవేత్త 1961లో చెప్పిన మాటకు ఇది గట్టి సాక్ష్యం. ఆయనకు 1978లో నోబెల్ వచ్చింది.

అంటే థైలకాయిడ్ ఒక మూతి కట్టిన సంచి. వెలుతురు పడితే పొరలోని ప్రొటీన్ల వెంట ఎలక్ట్రాన్లు పరిగెడతాయి, దాంతో లోపల ప్రోటాన్లు పోగవుతాయి. బయటికి రావడానికి ఏటీపీ సింథేజ్ అనే తిరిగే యంత్రమే ముఖ్యమైన దారి. పాలకూరలో అది ఒక చుట్టు తిరగాలంటే 14 ప్రోటాన్లు దాటాలి, చుట్టుకు 3 ఏటీపీలు. ఆ యంత్రం తల బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, దొంతరల మధ్య ఇరుకులో పట్టదు. అందుకే అంచుల్లో, దొంతరలను కలిపే పొరల్లో ఉంటుంది. నేను గీసిన బొమ్మల్లో దానికి అసలు చోటే లేదు.

"మరి సంచి పంక్చరైతే?" అంది అమ్మాయి.

అదీ చేసి చూశారు. ప్రోటాన్లు కారిపోయే మందు కలిపితే ఎలక్ట్రాన్లు ఆగవు, ఇంకా జోరుగా పరిగెడతాయి. ఆక్సిజన్ కూడా వస్తూనే ఉంటుంది. ఏటీపీ మాత్రం పుట్టదు.