తిమోతి తలమీద ఎవరి చేతులు?

బైబిల్లో అపొస్తలుడు పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండు పత్రికలూ (ఉత్తరాలు) పక్కపక్కన పెట్టుకుని చదవండి, ఒక తిరకాసు కనిపిస్తుంది. మొదటి పత్రిక 4:14లో సంఘపెద్దలు హస్తనిక్షేపణ చేస్తే, అంటే తలమీద చేతులుంచితే, నీకు వరం వచ్చింది అంటాడు పౌలు, రెండో పత్రిక 1:6కి వచ్చేసరికి నా హస్తనిక్షేపణ వల్ల వచ్చింది అంటాడు. మనిషి ఒకడే, వరం కూడా ఒకటే అనుకుంటా. బిషప్పులు లేకుండా పెద్దలే సంఘాన్ని నడిపించే ప్రెస్బిటేరియన్లు మొదటి వచనం పట్టుకున్నారు, బిషప్పులున్న సంఘాలవాళ్ళు రెండోది పట్టుకుని అపొస్తలుల దగ్గర్నుంచి వస్తున్న వరుస తెగకూడదన్నారు, ఇక వందల ఏళ్ళు అదే గొడవ.

పైకి పెద్దరికం కోసం కొట్లాటలా ఉంటుంది గానీ అసలు నొప్పి వేరే. 1662లో ఇంగ్లండ్‌లో చట్టం వచ్చింది, బిషప్ చేతులమీద పాస్టర్‌గా అభిషేకం కానివాళ్ళు మళ్ళీ చేయించుకోవాలి, లేదంటే సంఘం వదిలి వెళ్ళాలి. జాన్ హౌ అనే పాస్టర్‌ని ఒక బిషప్ గారు, రెండోసారి చేయించుకుంటే నీకేంటి నష్టం అని అడిగితే, దేనికైనా రెండు మొదళ్ళు ఉంటాయా అండీ అన్నాడట! నిజమే కదా, మళ్ళీ మోకరిస్తే అన్నాళ్ళూ తను ఇచ్చిన ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఉత్తిదే అని తనే ఒప్పుకున్నట్టు, ఆ బల్ల తీసుకుని కన్నుమూసినవాళ్ళ సంగతేంటి మరి? ఆయన చేయించుకోలేదు, సంఘం వదిలేశాడు. రెండో పత్రిక 1:6లో పౌలు కూడా నీలో ఉన్న వరాన్ని రాజేయమన్నాడు గానీ మళ్ళీ తెచ్చుకోమనలేదు, నాకు ఆ వచనంలో పట్టుకునేది ఈ మాటే.

అలాగని బిషప్పుల వైపు వాదన తీసిపారేసేదేం కాదు, ఎవరికి వాళ్ళు నన్ను దేవుడు పిలిచాడని లేచి నిలబడితే మంద గతేంటి (ప్రెస్బిటేరియన్లూ పరీక్షించకుండా ఎవర్నీ నిలబెట్టరు లెండి, అది వేరే విషయం).

1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కతీడ్రల్‌లో ఆంగ్లికన్లు (బిషప్పులున్న ఇంగ్లండ్ సంఘం వాళ్ళు), ప్రెస్బిటేరియన్లు తదితరులు కలిసి సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) మొదలుపెట్టినప్పుడు ఈ ముడిని బాగా విప్పారు. పాత పాస్టర్లెవరికీ రెండో అభిషేకం అక్కర్లేదు, ఇకమీదట అయ్యేవాళ్ళకి మాత్రం బిషప్ గారు చేతులుంచాలి, ఆయనతో పాటు ప్రెస్బిటర్లూ (పాస్టర్లూ) ఉంచాలి. అంటే రెండు వచనాలూ ఒకే తలమీద! స్కాట్లండ్ సంఘం పంపిన ప్రెస్బిటేరియన్ మిషనరీ లెస్లీ న్యూబిగిన్ ఆరోజే బిషప్ అయ్యాడు కూడా. నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది దీనికి ఒప్పుకోలేదు, ఏళ్ళ తరబడి బయటే ఉండిపోయారు. వాళ్ళని మొండివాళ్ళు అనేయడం తేలికే, కానీ హౌ మనస్సాక్షికి దణ్ణం పెట్టి వీళ్ళ మనస్సాక్షిని తిట్టడానికి నాకైతే నోరు రాదు.