అరుణగిరి చుట్టూ ఒకే శ్లోకంతో

అరుణాచలానికి మనవాళ్లు ఎక్కువగా పున్నమికే వెళ్తారు. నేను కావాలనే పున్నమి దాటాక వెళ్లాను. భగవద్గీతలోని ఒక్క శ్లోకాన్ని మననం చేస్తూ గిరి ప్రదక్షిణ పూర్తి చేయాలన్నది నా సంకల్పం. 700 శ్లోకాలు గుర్తుంచుకోవడం కష్టం, సారమంతా ఉన్న శ్లోకం ఒక్కటి చెప్పమని ఒక భక్తుడు అడిగితే, రమణ మహర్షి ‘అహమాత్మా గుడాకేశ’ అన్న శ్లోకాన్ని చూపారు. తరువాత 42 శ్లోకాలను ఏరి ఒక వరుసలో కూర్చారు. వాటిలో నేను ఎంచుకున్నది ఆరవ అధ్యాయంలోని ‘యతో యతో నిశ్చరతి మనశ్చంచలమస్థిరం’.

తెల్లవారకముందే బయలుదేరాను. దారి 14 కిలోమీటర్లు, ఉత్తకాళ్లతో నడక. దారి పొడవునా ఎనిమిది దిక్కులకూ ఉన్న లింగాలలో రెండోదైన అగ్నిలింగం దాటకముందే మనసు ఆటో బేరం మీదికి, ఇంట్లో కట్టని కరెంటు బిల్లు మీదికి పోయింది. చంచలమైన మనసు ఎటు పోతే అటునుంచి మళ్లించి ఆత్మలోనే నిలపమంటుంది శ్లోకం; అసలు పోనివ్వవద్దని అనదు. అరికాలికి గులకరాయి గుచ్చుకున్నప్పుడల్లా ధ్యాస కాలి మీదికి దిగేది, మళ్లీ శ్లోకం మొదటి పాదం అందుకునేవాణ్ణి. ఇంట్లో పీట మీద కూర్చుని చదివినన్నాళ్లూ తాత్పర్యంగానే తెలిసిన మాట, నిరృతిలింగం దగ్గరికి వచ్చేసరికి చేయవలసిన పనిగా మారింది. కుబేరలింగం దగ్గర మాత్రం అన్నిటికంటే పెద్ద వరుస ఉంది. దాని సంగతి చెప్పనక్కరలేదు.

మర్నాడు ఉదయం, కొండ మీద మహర్షి చాలా ఏళ్లు ఉన్న విరూపాక్ష గుహకు వెళ్లాను. బొబ్బిలి దగ్గరి కలువరాయిలో పుట్టిన సంస్కృత పండితుడు కావ్యకంఠ గణపతి ముని 1907లో మహర్షిని కలిసింది ఇక్కడే. శాస్త్రాలన్నీ చదివి, కోట్లకొద్దీ జపం చేసినా తపస్సంటే ఏమిటో తెలియలేదని ఆయన మొరపెట్టుకుంటే, ‘నేను’ అన్న తలపు ఎక్కడ పుడుతుందో, మంత్రనాదం ఎక్కడినుంచి లేస్తుందో గమనించమన్నారట మహర్షి. అంతటి పండితుడికే ఆ సందేహం కలిగిందంటే, రోజుకు ఇన్ని అధ్యాయాలని లెక్కపెట్టుకునే మన పారాయణ గురించి ఆలోచించక తప్పదు. నియమంగా చదవడాన్ని నేను తక్కువ చేయను; ఆ అలవాటు లేకపోతే శ్లోకం నోటికి వచ్చేదే కాదు. అయితే లోపలి మార్పు కోరి చదివేవారికి వేగం అడ్డమే అవుతుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. గాలి ఆడని ఆ గుహలో చెమటలు కారుతుండగా శ్లోకం ఒక్కసారి చదివి పుస్తకం మూశాను. ఇంటికి వచ్చాక కూడా రోజుకు ఒకటి, ఒక్కోసారి వారానికి ఒకటి చొప్పున, ఆ 42నే చదువుతున్నాను.