డంప్స్ చదివి ఫెయిలయ్యా, డంప్ తీసి పాసయ్యా

ఒరాకిల్ డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) సర్టిఫికేషన్‌కి ప్రిపేరవుతున్న మిత్రులకి నమస్తే. అందులో మొదటి పేపర్ 082, అది మొదటిసారి రాసినప్పుడు నేను ఫెయిలయ్యాను. అమీర్‌పేటలో కోచింగ్‌కి వెళ్లే రోజుల్లో రూమ్మేట్ ఒకడు పెన్‌డ్రైవ్‌లో డంప్స్, అంటే బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు, ఇచ్చాడు. నాలుగు వారాలు వాటినే బట్టీ పట్టాను. అసలు డంప్ ఫైలు, అంటే డేటాబేస్‌లోని డేటాని బయటికి తీసి దాచే ఫైలు, మాత్రం ఒక్కటంటే ఒక్కటి కూడా తీయలేదు. స్కోర్ రిపోర్ట్‌లో మనం తప్పు చేసిన టాపిక్‌లు వరసగా ఇస్తారు కదా, అందులో డేటా పంప్ (ఆ డంప్ ఫైళ్లు తీసి, ఎక్కించే ఒరాకిల్ టూల్) కనబడింది. తేలికే అనుకుని వదిలేసిన చాప్టర్ అదే.

రెండోసారికి ఒకటే పని పెట్టుకున్నాను. లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, అందులో నడిచే వర్చువల్ కంప్యూటర్‌లో ఒరాకిల్ లైనక్స్ మీద 19సీ వెర్షన్ డేటాబేస్ ఎక్కించాను. హెచ్ఆర్ అనే శాంపిల్ స్కీమాని (ఒక యూజర్ కింద ఉండే టేబుల్స్ వగైరా అన్నీ కలిపి స్కీమా) రోజూ రాత్రి ఎక్స్‌పోర్ట్ చేసి, పొద్దున్నే హెచ్ఆర్_టెస్ట్ అనే ఇంకో స్కీమాలోకి ఇంపోర్ట్ చేసే స్క్రిప్ట్ రాయాలి. అంతే. ఏడు టేబుల్స్, ఎంప్లాయీస్‌లో 107 రోలు (వరసలు). ఇంత చిన్నదానికి స్క్రిప్ట్ ఎందుకు అంటారేమో. చిన్నది కాబట్టే ఏది పోయిందో, ఏది వచ్చిందో కళ్లతో లెక్కపెట్టుకోవచ్చు.

మొదటి రోజే బోర్లా పడ్డాను. సిస్‌డీబీఏగా (అన్ని హక్కులతో) లాగిన్ అయి డైరెక్టరీ (డంప్ పడే ఫోల్డర్‌కి ఒరాకిల్‌లో పెట్టే పేరు) క్రియేట్ చేశాను, హెచ్ఆర్‌కి రీడ్, రైట్ గ్రాంట్ ఇద్దామంటే అక్కడ ఆ యూజరే లేడన్నది ఒరాకిల్. సిస్టమ్ యూజర్‌తో పీడీబీకి (పెద్ద డేటాబేస్ లోపల ఉండే చిన్న డేటాబేస్) కనెక్ట్ అయి ఎక్స్‌పీడీపీ (డేటా పంప్ ఎక్స్‌పోర్ట్ కమాండ్) కొడితే ఓరా-39087 ఎర్రర్, డైరెక్టరీ పేరు చెల్లదని. పేరు పదిసార్లు సరిచూసుకున్నాను. తప్పు స్పెల్లింగ్‌లో లేదు. నేను డైరెక్టరీ చేసింది రూట్ కంటైనర్‌లో (ఆ పెద్ద డేటాబేస్ మూలంలో), హెచ్ఆర్ ఉన్నది పీడీబీలో. పీడీబీలోకి వెళ్లి మళ్లీ చేస్తే పనయింది. తర్వాత డంప్ ఫైలు కోసం లాప్‌టాప్ అంతా వెతికాను, దొరకలేదు. కమాండ్ క్లయింట్ నుంచి కొట్టినా ఫైలు రాసేది సర్వర్ మీదే, అంటే ఆ వర్చువల్ కంప్యూటర్‌లో. పాత ఎక్స్‌ప్ కమాండ్ అయితే క్లయింట్ దగ్గర రాసేది, 10జీ వెర్షన్‌లో వచ్చిన డేటా పంప్ సర్వర్‌లోనే పని చేస్తుంది. ఈ లైను నా నోట్స్‌లో ఎప్పటి నుంచో ఉంది. అరగంట వెతికాక గానీ బుర్రకెక్కలేదు.

పార్‌ఫైల్ (పారామీటర్లన్నీ రాసుకునే ఫైలు) అలవాటు మాత్రం మొదటి నుంచే చేసుకోండి. ఏ రోలు కావాలో చెప్పే క్వెరీ పారామీటర్‌లో వేర్ కండిషన్‌ని కమాండ్ లైన్‌లోనే ఇద్దామని చూస్తే కోట్స్‌ని షెల్ (లైనక్స్‌లో మన కమాండ్లు చదివేది) మింగేస్తుంది. ఒక్కో కోట్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టుకుంటూ పోవడం కంటే అన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లో రాసుకుంటే గొడవే లేదు.

ఇక క్రాన్ కథ. లైనక్స్‌లో చెప్పిన టైముకి పనులు దానంతటదే నడిపేది క్రాన్. స్క్రిప్ట్‌ని చేత్తో రన్ చేస్తే బాగానే నడిచేది. రాత్రి పదకొండింటికి క్రాన్‌లో పెడితే పొద్దున్న డంప్ లేదు, లాగ్ కూడా లేదు. లైనక్స్‌లో రూట్ యూజర్ మెయిల్ తెరిస్తే అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఈఓఎఫ్ (అనుకోకుండా ముగిసిపోయింది) అని ఒక లైను. డంప్ పేరులో తేదీ రావాలని డేట్ కమాండ్‌ని క్రాన్‌టాబ్ (క్రాన్ పనుల జాబితా) లైన్‌లోనే రాశాను. తేదీ ఫార్మాట్‌లో పర్సెంట్ గుర్తు ఉంటుంది, క్రాన్‌టాబ్‌లో ఆ గుర్తు అంటే కొత్త లైన్ అని అర్థం, అందుకే కమాండ్ సగంలో తెగిపోయింది. తేదీ పనిని స్క్రిప్ట్ లోపలికి మార్చాను. మర్నాడు ఇంకో ఏడుపు: క్రాన్ మన ప్రొఫైల్ చదవదు కాబట్టి ఒరాకిల్ ఎక్కడుందో చెప్పే ఒరాకిల్ హోమ్, పాత్ సెట్టింగులు ఏవీ దానికి తెలియవు. అవీ స్క్రిప్ట్‌లోనే సెట్ చేశాక మూడో రోజు డంప్ పడింది. ఇవేవీ 082 సిలబస్‌లో లేవు, పరీక్షలో అడగరు. ఇంటర్వ్యూలో మాత్రం నన్ను అడిగారు.

పేరులో తేదీ పెట్టడానికి ఇంకో కారణం ఉంది. అదే పేరుతో పాత డంప్ ఉంటే ఎక్స్‌పోర్ట్ మొదలే కాదు, ఓరా-27038 ఇచ్చి ఆగిపోతుంది. రీయూజ్ డంప్‌ఫైల్స్ పారామీటర్‌కి యెస్ అని ఇస్తే పాతదాని మీద రాసేస్తుంది. నిన్నటి డంప్ పోతుందని నాకు భయం, అందుకే తేదీ.

ఇప్పుడు అసలు టెన్షన్ పెట్టే పారామీటర్: టేబుల్ ఎగ్జిస్ట్స్ యాక్షన్. ఇంపోర్ట్ చేసే టేబుల్ అక్కడ ముందే ఉంటే ఏం చేయాలో చెప్పేది. స్కిప్ (వదిలేయి), అపెండ్ (ఉన్నదానికి కలుపు), ట్రంకేట్ (ఖాళీ చేసి నింపు), రీప్లేస్ (టేబుల్‌నే మార్చేయి) అని నాలుగు. ఏమీ ఇవ్వకపోతే స్కిప్. కానీ కంటెంట్ పారామీటర్‌ని డేటా ఓన్లీ (డేటా మాత్రమే) అని పెడితే డిఫాల్ట్ అపెండ్ అవుతుంది. ఇక్కడే చాలామంది తడబడతారు. నాలుగు పేర్లు బట్టీ పట్టొద్దు, నాలుగూ చేసి చూడండి. నేను హెచ్ఆర్_టెస్ట్‌లో జాబ్ హిస్టరీ టేబుల్ తీసుకున్నాను. పది రోల్లో నాలుగు డిలీట్ చేసి, అపెండ్‌తో ఇంపోర్ట్ చేశాను. పోయిన నాలుగూ తిరిగొస్తాయనుకున్నాను. కౌంట్ చూస్తే ఆరే! ఉన్న ఆరు రోలకి ప్రైమరీ కీ (ఒకే రో రెండుసార్లు రాకుండా చూసే నియమం) అడ్డొచ్చింది, దాంతో మొత్తం లోడ్ వెనక్కి పోయింది. లాగ్‌లో ఓరా-31693, దాని కింద ఓరా-00001. డేటా ఆప్షన్స్‌లో స్కిప్ కన్‌స్ట్రెయింట్ ఎర్రర్స్ ఇచ్చాక పది అయ్యాయి. డిపార్ట్‌మెంట్స్ మీద ట్రంకేట్ ప్రయత్నిస్తే ఓరా-39120. ఎంప్లాయీస్ టేబుల్ ఫారిన్ కీతో (రెండు టేబుల్స్‌ని కలిపే లింకు) దాన్ని పట్టుకుని ఉంది, ట్రంకేట్ కానివ్వదు. ఆ రెండు లాగ్‌లూ ప్రింట్ తీసి గోడకి అంటించాను. రూమ్మేట్ దేవుడి పటం అనుకున్నాడట.

టేబుల్ మోడ్, స్కీమా మోడ్ తేడా కూడా అలాగే చేసి తెలుసుకున్నదే. ఎంప్లాయీస్‌ని టేబుల్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే ఇండెక్స్‌లు, కన్‌స్ట్రెయింట్స్, ట్రిగ్గర్లు వెంట వస్తాయి. ఎంప్లాయీస్ సీక్వెన్స్ (కొత్త నంబర్లు వరసగా ఇచ్చేది) మాత్రం రాదు. అది కావాలంటే స్కీమా మోడే. ఇంపోర్ట్ ముందు ఎస్‌క్యూఎల్‌ఫైల్ పారామీటర్ ఇస్తే ఏదీ రన్ చేయకుండా డంప్‌లో ఉన్న క్రియేట్ స్టేట్‌మెంట్లు ఒక ఫైల్లో రాసిస్తుంది. సీక్వెన్స్ లేదని నేను కనిపెట్టింది అందులోనే.

స్క్రిప్ట్‌లో ఎగ్జిట్ కోడ్ (పని ఎలా ముగిసిందో చెప్పే నంబర్) సున్నా కాకపోతే ఫెయిల్ అని మెయిల్ వచ్చేలా రాశాను. ఒకరోజు 5 వచ్చింది. 1 అంటే నిజంగా ఫెయిల్. 5 అంటే జాబ్ పూర్తయింది గానీ మధ్యలో ఎర్రర్లున్నాయి, లాగ్ చూసుకోమని. రెండింటికీ వేరే మెయిల్ పెట్టాను. ఇంకోరోజు కంట్రోల్ సీ కొట్టి జాబ్ చచ్చిందనుకుని లాప్‌టాప్ మూసేయబోయాను. అది చావదు, ఇంటరాక్టివ్ ప్రాంప్ట్ వస్తుంది, జాబ్ సర్వర్‌లో నడుస్తూనే ఉంటుంది. ఆపాలంటే స్టాప్ జాబ్, మళ్లీ అటాచ్ అయి స్టార్ట్ జాబ్. కిల్ జాబ్ కొడితే మాత్రం మాస్టర్ టేబుల్ (జాబ్ ఎంతవరకొచ్చిందో రాసుకునే టేబుల్) కూడా పోతుంది, ఇక తిరిగి మొదలుపెట్టలేం.

రెండోసారి పరీక్షలో ఏం వచ్చాయో చెప్పకూడదు, ఒప్పుకుని సంతకం పెట్టే రాశాం. సరైనవి రెండు ఎంచుకోమనే రకం ప్రశ్నల దగ్గర ఆప్షన్లు చదువుతుంటే గోడ మీది లాగ్‌లు కళ్లముందు కదిలాయని మాత్రం చెప్పగలను. పాసయ్యాను. ఇప్పుడు రెండో పేపర్ 083కి ఆర్‌మ్యాన్ (ఒరాకిల్ బ్యాకప్, రికవరీ టూల్) మొదలుపెట్టాను. ఈసారి పుస్తకం తెరవకముందే ఒక డేటాఫైల్ డిలీట్ చేసి కూర్చున్నాను.