పేరులోనే కారం

చిలీ అంటే మాంసం, మిరప, మసాలాలు వేసి ఉడికించే అమెరికా కూర. మొదటిసారి దాన్ని వండిన రోజు మా ఇంట్లో ఎవరూ తినలేకపోయారు. నేను చూసి వండిన కాగితంలో ‘చిలీ పౌడర్, రెండు టేబుల్ స్పూన్లు’ అని ఉంది. డబ్బా తీసి, తలకొట్టి మరీ రెండు స్పూన్ల కారం వేశాను. మా ఏడేళ్ల అమ్మాయి ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, రెండు గ్లాసుల నీళ్లు గటగటా తాగి, ఏడవకుండా నావైపు చూసింది. ఏడ్చినా బాగుండేది. ఆ రాత్రి అందరం బ్రెడ్డు, జాము తిని పడుకున్నాం.

అమెరికాలో చిలీ కోసం అమ్మే ఆ పొడి ఉత్త మిరపపొడి కాదని తర్వాత తెలిసింది. ఎండుమిరపతో పాటు జీలకర్ర, వెల్లుల్లి, ఓరెగానో కలిపిన మసాలా అది. నా పొరపాటులో కొంత వాటా భాషది కూడా. ఆ రుచినీ కారమే అంటాం, ఆ పొడినీ కారమే అంటాం. దాంతో మిరపకాయలో కారం తప్ప ఇంకేమీ లేదనుకుని వండేస్తాం. నిజానికి బాగా పండించి ఎండబెట్టిన పొబ్లానో మిరపను, అంటే ఆంచోను, వాసన చూస్తే ఎండుద్రాక్ష గుర్తొస్తుంది. మిరప ఘాటును లెక్కగట్టే స్కోవిల్ కొలతలో దాని కారం దాదాపు 1000 నుంచి 2000 దాకా ఉంటుంది. మెక్సికో పచ్చిమిరప హాలపేన్యోది 2500 నుంచి 8000. క్యాప్సికంది సున్నా.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఐదుగురికి అరకిలో చికెన్ కైమా, పావుకిలో రాజ్మా. మిరప కోసం మూడు ఆంచోలు, దొరకకపోతే రంగెక్కువ, కారం తక్కువ ఉన్న ఎండుమిరపకాయలు ఏవైనా సరే. వాటిని చీల్చి గింజలు దులిపేసి, లోపలి తెల్లటి ఈనెలు గోటితో గీకేస్తాను. కారమంతా గింజల్లోనే ఉంటుందని చాలామంది నమ్మకం. అది పుట్టేది ఈ ఈనెల్లో, గింజలకు పక్కనుంచి అంటుతుంది, అంతే. తర్వాత కాయల్ని పొడి మూకుడులో అర నిమిషం వేడిచేసి, వేడినీళ్లలో నానబెట్టి మెత్తగా రుబ్బుతాను. వేడిచేసేటప్పుడు నల్లబడితే మాత్రం పారేయాల్సిందే. ఆ చేదు ఏం వేసినా పోదు.

రాజ్మా విషయంలో బద్ధకం పనికిరాదు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లకాగనివ్వాలి. పచ్చి గింజల్లో కడుపును అతలాకుతలం చేసే పదార్థం ఒకటి ఉంది. సన్నని సెగ మీద ఎన్ని గంటలు ఉంచినా అది చావదు. గింజలు పూర్తిగా మెత్తబడ్డాకే టమాటాల్లో కలపాలి. పులుపు ముందే తగిలితే అవి ఎంతకీ ఉడకవు. అన్నట్టు, నా చిలీలో రాజ్మా ఉందని టెక్సాస్‌లో పైకి చెప్పుకోలేను. 1977లో చిలీని తమ రాష్ట్ర వంటకంగా ప్రకటించుకున్నవాళ్లు వాళ్లు. అక్కడి కొన్ని పోటీల్లో గింజ కనబడితే ఆ గిన్నె పోటీలో ఉండదు. మా ఇంట్లో పోటీ లేదు కాబట్టి గింజలుంటాయి.

మిగిలింది తేలిక. రెండు పెద్ద ఉల్లిపాయలు ఎర్రగా వేగాక వెల్లుల్లి, ఒకటిన్నర చెంచా జీలకర్ర పొడి, కొంచెం ఓరెగానో నూనెలో వాసన వచ్చేదాకా వేయించి, కైమా వేసి నీరు ఇంకనిస్తాను. ఆ తర్వాత మిరప ముద్ద, నాలుగు టమాటాలు, సన్నగా తరిగిన క్యాప్సికం, ఉప్పు. సన్న సెగ మీద ముప్పావు గంట. చివరి పావుగంటలో రాజ్మా. పలచగా అనిపిస్తే గుప్పెడు గింజల్ని గరిటెతో చిదిమేస్తే చాలు.

పిల్లలకు పొగలు కక్కుతుండగా వడ్డించను. నాలుక మీద కారాన్ని పట్టే గ్రాహకమే వేడినీ పట్టేస్తుంది. అందుకే అదే చిలీ చల్లారాక కారం తక్కువగా, సలసలమన్నప్పుడు ఘాటుగా తోస్తుంది. పక్కన పెరుగు గిన్నె పెడతాను. కారం నీళ్లలో కరగదు, పాలలోనూ పెరుగులోనూ ఉండే మాంసకృత్తులకు లొంగుతుంది. ఆ సంగతి తెలిసి ఉంటే ఆరోజు అమ్మాయి చేతికి నీళ్ల గ్లాసు ఇచ్చేవాణ్ణి కాదు.

మా అమ్మ మాత్రం మొన్న కూడా గిన్నెలోకి తొంగిచూసి, “పేరేమో మిరపకాయ, కారమేమో లేదు. దీన్ని ఏమని పిలవాలిరా?” అంది. ఆమె కోసం పచ్చి హాలపేన్యో చక్రాలు విడిగా కోసి పెట్టాను. అమ్మాయి వాటిని తన పళ్లెం నుంచి జానెడు దూరం జరిపి, రెండోసారి వడ్డించమంది.

కొంచెం ఎక్కువే వండండి. మర్నాటికి ఇంకా బాగుంటుంది.